కంచంలోకి వచ్చేలోపు ఎంత కరెంటు, ఎంత గ్యాసు? తిండి వెనుక ఇంధనం లెక్క ఎటు మారుతోంది

క్లుప్తంగా: తిండికి ఖర్చయ్యే ఇంధనం అనగానే రైతు మోటారు, ఉచిత కరెంటు గుర్తొస్తాయి. గొడవలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. కానీ దేశం మొత్తం కరెంటులో వ్యవసాయం వాటా పాతికేళ్ళుగా తగ్గుతూ వస్తోంది. పెరుగుతున్నది పొలం గట్టు దాటాక చల్లబరచడానికి, మోయడానికి, వండటానికి అయ్యే ఇంధనం. మరోపక్క కట్టెల పొయ్యి పోయి గ్యాసు రావడంతో వంటకి పట్టే మొత్తం వేడి తగ్గుతోంది, డబ్బు పెట్టి కొనే ఇంధనం మాత్రం పెరుగుతోంది. ఈ రెండూ ఒకేసారి జరుగుతున్నాయి కాబట్టే అంకెలు చూసినవాళ్ళకి ఒకటి చెబితే ఇంకోటి అర్థమవుతోంది.

## ఒక్క పట్టికలో దొరకని లెక్క

కేంద్ర గణాంక శాఖ ఏటా ఇంధన గణాంకాలు ప్రచురిస్తుంది. అందులో పరిశ్రమలు, రవాణా, గృహావసరాలు, వ్యవసాయం అని గళ్ళు ఉంటాయి, తిండి అనే గడి మాత్రం ఉండదు. దాంతో బియ్యం మిల్లు కరెంటు పరిశ్రమల్లోకి పోతుంది, మదనపల్లె టమాటాని విశాఖ జ్ఞానాపురం మార్కెట్‌కి మోసుకొచ్చిన లారీ డీజిల్ రవాణాలోకి పోతుంది, ఇంట్లో ఫ్రిజ్జూ కుక్కర్ కింద గ్యాసూ గృహావసరాల్లోకి, హోటల్లో గ్రైండరు వాణిజ్యంలోకి. వంటనూనె సంగతి ఇంకా విచిత్రం. దేశంలో వాడే నూనెలో సగానికి పైగా దిగుమతే. ఇండోనేషియా, మలేషియాల్లో పామాయిల్ గెలల్ని ఉడికించి పిండటానికి అయిన ఇంధనం మన లెక్కల్లో ఎక్కడా కనపడదు.

ప్రపంచం మొత్తానికి ఇలాంటి ముక్కల్ని ఒకచోట కుట్టి చూపించినది ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, 2011లో. ప్రపంచ ఇంధన వాడకంలో దాదాపు 30 శాతం తిండి గొలుసులోనే ఖర్చవుతోందనీ, అందులో 70 శాతానికి పైగా పొలం దాటాకే అనీ ఆ నివేదిక తేల్చింది. అది ప్రపంచ సగటు. దాన్ని నేరుగా మన దేశానికి అంటించేస్తే పొరపాటు. ఎందుకంటే ఇక్కడ బోర్ల మీద నడిచే సేద్యం చాలా ఎక్కువ, పైగా బిల్లు పుట్టని ఇంధనం కూడా చాలానే ఉంది.

ఆ బిల్లు పుట్టని ఇంధనం ఎలా ఉంటుందో విశాఖ పక్కనే, అనకాపల్లి వైపు బెల్లం వండే చోట తెలుస్తుంది. టన్ను చెరకు గానుగాడితే సుమారు క్వింటా బెల్లం వస్తుంది. ఆ రసంలోంచి 500 కిలోలకి పైగా నీటిని ఆవిరి చేయాలి. ఒక్క చుక్క వేడి కూడా వృథా కాకుండా చేసినా ఆ పనికి దాదాపు రెండు వంటగ్యాస్ బండలంత వేడి కావాలి, తెరిచిన పెనం మీద అయితే అంతకు కొన్ని రెట్లు పడుతుంది. అదంతా ఎండబెట్టిన చెరకు పిప్పి నుంచే వస్తుంది. ఎవరూ కొనరు, ఎవరూ అమ్మరు, కాబట్టి డీజిల్, గ్యాసు, కరెంటుల పట్టికలో దానికి చోటు లేదు. అదే తీపి పంచదారగా మారి ప్లాస్టిక్ సంచిలో వస్తే మాత్రం మిల్లు కరెంటు, లారీ, గోడౌను అన్నీ లెక్కకి ఎక్కుతాయి. అంటే జాతీయ లెక్కల్లో పెరుగుదల కనపడినప్పుడు అందులో కొంత నిజంగా పెరిగినది, కొంత ఇదివరకు లెక్కలో లేనిది కొత్తగా చేరినది. ఈ తేడా గుర్తు పెట్టుకోకపోతే మిగతాదంతా తప్పుగానే అర్థమవుతుంది.

## పొలంలో: నీళ్ళు ఎంత లోతున ఉన్నాయన్నదే అసలు సంగతి

1960-61లో దేశంలో హెక్టారు సాగుభూమికి అందుబాటులో ఉన్న శక్తి 0.3 కిలోవాట్లు, అందులోనూ ఎక్కువ భాగం ఎద్దులది, మనుషులది. 2016-17 నాటికి అది 2 కిలోవాట్లు దాటింది, ఎద్దుల వాటా దాదాపు అడుగంటింది. ట్రాక్టర్, వరికోత యంత్రం, మోటారు వచ్చి చేరాయి. ఈ మూడింటిలో అందరూ మాట్లాడేది మోటారు గురించే, అందుకు కారణం ఉంది.

ఘనమీటరు, అంటే వెయ్యి లీటర్ల నీటిని 30 మీటర్ల లోతు నుంచి పైకి తేవడానికి మామూలు మోటారుకి పావు యూనిట్‌కి అటూ ఇటూగా కరెంటు పడుతుంది. అదే నీరు 100 మీటర్ల లోతులో ఉంటే ముప్పావు యూనిట్ దాటుతుంది. కిలో బియ్యానికి మూడు వేల లీటర్ల నీరు అనుకున్నా, మొదటి చోట కిలోకి ముప్పావు యూనిట్, రెండో చోట రెండు యూనిట్లకి పైనే. గోదావరి డెల్టాలో అయితే 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని నీళ్ళు పల్లానికి వాటంతట అవే పారతాయి, మోటారు ప్రసక్తే తక్కువ. షాపులో మూడు బస్తాలూ ఒకేలా ఉంటాయి, రేటు కూడా ఇంచుమించు ఒకటే. కరెంటు మాత్రం ఒకదానిలో దాదాపు సున్నా, ఇంకోదానిలో కిలోకి రెండు యూనిట్లు. 'దేశంలో కిలో బియ్యానికి సగటున ఇంత ఇంధనం' అనే వాక్యం ఎక్కడ కనపడినా కాస్త అనుమానంగానే చూడాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత కరెంటు 2004లో మొదలైంది. పంజాబ్ అంతకు ముందే, 1997లో ఇచ్చింది. అంతకంటే ముందే చాలా రాష్ట్రాలు మీటర్లు తీసేసి హార్స్‌పవర్‌కి ఇంత అని ఏడాది లెక్కన వసూలు చేయడం మొదలుపెట్టాయి. దాని ఫలితం రెండు రకాలుగా ఉంది. ఒకటి అందరికీ తెలిసినదే: ఇంకో గంట మోటారు నడిపినా అదనంగా ఖర్చు లేదు, పైగా కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టి వదిలేస్తే నీళ్ళు పొర్లినా మోటారు ఆగదు. రెండోది తక్కువ మంది పట్టించుకునేది. మీటరు లేదు కాబట్టి వ్యవసాయం ఎంత వాడిందో ఎవరూ కొలవలేదు, అంచనా వేశారు. మొత్తం సరఫరాలోంచి మీటరు ఉన్న వాడకం తీసేసి, మిగిలినదాన్ని నష్టాలకీ వ్యవసాయానికీ పంచారు. లైన్ నష్టాలు, దొంగ కరెంటు కొంత రైతు ఖాతాలో పడిపోయాయన్న విమర్శ అందుకే ఇన్నేళ్ళుగా ఉంది.

2020లో శ్రీకాకుళం జిల్లాలో వ్యవసాయ కనెక్షన్లకి మీటర్లు పెట్టే ప్రయోగం మొదలైనప్పుడు జరిగిన రభస ఈ నేపథ్యంలోనే చూడాలి. మీటరు వచ్చిందంటే వెనకాలే బిల్లు వస్తుందని రైతుల భయం. కొలిస్తేనే కదా ఎంతో తెలిసేది అని అధికారుల వాదన. రెండిటిలోనూ పస ఉంది. కనీసం ఊరికి వచ్చే వ్యవసాయ ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి మోటార్లకి కరెంటు తెచ్చే లైను దగ్గర కొలత కచ్చితంగా ఉంటే, బోరు బోరుకీ మీటరు అనే గొడవ లేకుండానే సగం చిక్కు విడిపోతుంది. గుజరాత్ 2003 తర్వాత పల్లెల్లో వ్యవసాయ ఫీడర్లని విడదీసి ఆ దారిలోనే వెళ్ళింది.

ఇక దేశం లెక్క. 1990ల్లో మొత్తం కరెంటు వాడకంలో వ్యవసాయం వాటా 30 శాతం దాకా ఉండేది. ఇప్పుడు 17, 18 శాతం దగ్గర ఉంది. యూనిట్లు తగ్గాయని కాదు, పెరిగాయి. మిగతా రంగాలు అంతకంటే వేగంగా పెరిగాయి, ఆ మిగతా రంగాల్లో తిండికి సంబంధించిన ముక్కలు కూడా చాలా ఉన్నాయి. సోలార్ పంపులకి 2019లో వచ్చిన కుసుమ్ పథకం బొగ్గు కరెంటుని తగ్గిస్తుంది, నిజమే, కానీ ఎండ కూడా ఉచితమే కాబట్టి భూగర్భ జలాల సమస్య అక్కడే ఉంటుంది.

## బస్తాలో దాక్కున్న గ్యాసు

మోటారు చుట్టూ ఇంత చర్చ జరుగుతుంటే, పొలంలోకి వెళ్ళే పెద్ద ఇంధనం ఇంకోటి తెల్లటి గుళికల రూపంలో బస్తాలో వెళ్తుంది. యూరియా తయారీకి సహజవాయువే ముడిసరుకు, అదే ఇంధనం కూడా. ఆధునిక ప్లాంటులో టన్ను యూరియాకి సుమారు 55 నుంచి 60 లక్షల కిలోకేలరీలు పడతాయి. ఆ లెక్కన 45 కిలోల బస్తా వెనుక ఒకటిన్నర వంటగ్యాస్ బండలకి మించిన ఇంధనం ఉంది. ఆ బస్తా రైతుకి అందే రేటు 266 రూపాయల 50 పైసలు, ఏళ్ళ తరబడి మారలేదు. గ్యాసు రేటు మాత్రం అంతర్జాతీయ మార్కెట్‌లో ఎగిరినప్పుడల్లా ఆ తేడా ఖజానా మీద పడుతుంది. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత 2022-23లో ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్ల దాకా పోయింది అందుకే.

వేసిన నత్రజనిలో మొక్క తీసుకునేది మూడో వంతుకి కాస్త అటూ ఇటూ. మిగతాది గాలికీ నీటికీ పోతుంది. అంటే చౌక రేటు వల్ల రెండు గుప్పెళ్ళు ఎక్కువ చల్లినప్పుడల్లా వృథా అయ్యేది దిగుమతి గ్యాసు. విశాఖ లాంటి చోట కాంప్లెక్స్ ఎరువుల తయారీకి అమ్మోనియా ఓడల్లో దిగుతుంది. దాన్ని తయారుచేసిన ఇంధనం ఎక్కడో విదేశంలో ఖర్చయింది, మన పట్టికలో రాదు. పామాయిల్ కథే మళ్ళీ.

## రొయ్యల చెరువు లెక్క వేరు

పొలం దాటాకే ఎక్కువ ఖర్చు అనే సూత్రానికి మన కోస్తాలోనే పెద్ద మినహాయింపు ఉంది. 2009లో వెనామీ రొయ్యకి అనుమతి వచ్చాక ఆంధ్రప్రదేశ్ దేశంలో రొయ్యల ఉత్పత్తికి కేంద్రమైపోయింది, ఎగుమతికి విశాఖ పోర్టు ప్రధాన ద్వారాల్లో ఒకటి. ఈ చెరువుల్లో ప్రాణం నిలిపేది ఏరేటర్లు, అంటే నీటిని చిలికి గాలి కలిపే మోటారు చక్రాలు. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్ళే మేత అందరూ కలిసి ఆక్సిజన్ తాగేస్తాయి, తెల్లవారుజామున మూడు నాలుగు గంటల మధ్య అది బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి, జనరేటర్ స్టార్ట్ కాకపోతే గంటల్లో చెరువు ఖాళీ. ఆక్వా రైతులకి టెన్షన్ అంతా ఆ సమయంలోనే.

ప్రతి 400 నుంచి 500 కిలోల రొయ్యకి ఒక హార్స్‌పవర్ ఏరేటర్ ఉండాలన్నది వాడుకలో ఉన్న అంచనా. ఎకరాకి రెండు టన్నుల పంట అనుకుంటే నాలుగైదు హార్స్‌పవర్. రోజుకి సుమారు పన్నెండు గంటల చొప్పున మూడు నెలలు నడిపితే నాలుగు వేల యూనిట్లు, అంటే కిలో రొయ్యకి దాదాపు రెండు యూనిట్లు. దానితో పోలిస్తే ఆ కిలోని ఫ్యాక్టరీలో మైనస్ 18 డిగ్రీలకి గడ్డకట్టించడానికి కావలసినది యూనిట్‌లో పదో వంతు చుట్టుపక్కలే. తర్వాత నెలల తరబడి కోల్డ్ స్టోరేజీలో ఉంచడం, ఓడలో చల్లటి కంటైనర్‌లో పంపడం అదనం, అయినా చెరువు గట్టు మీద అయిన ఖర్చే పెద్దది. యూనిట్‌కి 1.50 రూపాయల రాయితీ రేటు ఎవరికి, ఎన్ని ఎకరాల వరకు అన్నది ఇక్కడ అంత పెద్ద రాజకీయ విషయం ఎందుకయిందో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. లెక్కల్లో ఇది వ్యవసాయం పక్కన కూర్చుంటుంది గానీ తీరు చూస్తే రాత్రి షిఫ్టు నడిచే ఫ్యాక్టరీయే.

## ఎండా ఉప్పూ పోయి ఐసు

తీరంలో చేపని నిలవ చేసే పాత పద్ధతికి ఇంధనం ఖర్చు లేదు. ఉప్పు, ఇసుక మీద ఎండ, అంతే. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఒరుగులు అన్నీ అదే కోవ. ఇప్పటికీ ఇవి పోలేదు కానీ వాటా తగ్గింది, జనం తాజా చేప, తాజా కూర అడుగుతున్నారు. తాజాగా ఉంచడం అంటే చల్లగా ఉంచడమే.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పది పన్నెండు రోజుల వేటకి వెళ్ళే మరబోటు టన్నుల కొద్దీ ఐసు ఎక్కించుకుంటుంది. మనలాంటి వేడి ప్రాంతాల్లో టన్ను ఐసు దిమ్మలకి 55 నుంచి 70 యూనిట్ల కరెంటు పడుతుంది. చల్లటి దేశాల్లో ఇంతకంటే తక్కువలో అయిపోతుంది. బయట ఎంత వేడిగా, ఎంత ఉక్కగా ఉంటే లోపలి వేడిని బయటికి తోయడానికి కంప్రెసర్ అంత కష్టపడాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉండే రెండు నెలలు సరిగ్గా ఎండాకాలంలో రావడం కరెంటు శాఖకి అనుకోకుండా కలిసొచ్చిన విషయం. బోటులో ఐసు ఖర్చు కంటే డీజిల్ ఖర్చు చాలా పెద్దది, సబ్సిడీ గొడవ అక్కడా ఉంది.

కూరగాయలు, పండ్ల దగ్గరికి వస్తే దేశంలో కోల్డ్ స్టోరేజీలు ఎనిమిది వేలకి పైనే, కానీ ఆ సామర్థ్యంలో పెద్ద భాగం బంగాళాదుంపలదే, అదీ ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్, గుజరాత్‌ల వైపు. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఇంకో రకం. 2015లో జాతీయ శీతల గొలుసు అభివృద్ధి కేంద్రం కోసం చేసిన అధ్యయనం ఒక ఆసక్తికరమైన సంగతి బయటపెట్టింది. గోడౌన్ల కొరత పెద్దగా లేదు, కానీ పొలం దగ్గర సరుకు ఏరి, కడిగి, చల్లబరిచే ప్యాక్‌హౌస్‌లు 70 వేలు కావలసిన చోట 249 ఉన్నాయి. చల్లటి లారీలు 62 వేలకి గాను పదివేల లోపే. అంటే ఎండలో నాలుగు గంటలు మగ్గిన మామిడిని తెచ్చి చివర్లో చల్లటి గదిలో పెడుతున్నాం. కరెంటు ఖర్చవుతుంది, ఆయుష్షు పెరగదు. ఇంధనం లెక్కలో ఇంతకంటే దండగ ఖర్చు ఇంకోటి ఉండదు.

మరి చల్లదనం పెరగడం మంచిదా కాదా అంటే సరుకుని బట్టి ఉంటుంది. కిలో రొయ్యలో అప్పటికే రెండు యూనిట్ల కరెంటు, మేత, ఓడకి చేరే ఖర్చు ఉన్నాయి, దాన్ని కుళ్ళబెట్టడం కంటే గడ్డకట్టించడం ఎంతో చౌక. టమాటాలో కోత నుంచి అమ్మకం దాకా ఎనిమిదో వంతు దాకా పోతోందని 2015లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పోస్ట్ హార్వెస్ట్ ఇంజినీరింగ్ సర్వే తేల్చింది, అక్కడా కొంత చల్లదనం లాభమే. కానీ ఆనందపురం, పద్మనాభం వైపు తెల్లవారుజామున కోసి సీతమ్మధార రైతు బజారులో మధ్యాహ్నానికి అమ్ముడైపోయే తోటకూరకి ఫ్రిజ్ ఎందుకు? 1999లో మొదలైన రైతు బజార్లని దళారీలు లేని మార్కెట్ అని మెచ్చుకుంటారు గానీ, వాటి వల్ల ఇంధనం కూడా ఆదా అవుతుందన్న సంగతి ఎవరూ ప్రస్తావించరు.

## పాలు: డెయిరీ కంటే ఇంటి పొయ్యే ఎక్కువ తింటుంది

పాల గొలుసు మొత్తం చల్లదనం మీదే నడుస్తుంది కాబట్టి ఖర్చంతా అక్కడే ఉంటుందనిపిస్తుంది. లెక్క వేస్తే తీరు వేరుగా ఉంది. వెయ్యి లీటర్ల పాలని పితికిన వేడి నుంచి 4 డిగ్రీలకి దించడానికి ఊళ్ళో ఉన్న బల్క్ కూలర్‌కి 15 నుంచి 20 యూనిట్లు చాలు. డెయిరీలో పాశ్చరైజ్ చేసేటప్పుడు 72 డిగ్రీలకి వేడి చేసినా, వేడి పాలు బయటికి వెళ్తూ లోపలికొచ్చే చల్లటి పాలని పలుచటి ప్లేట్ల గుండా వేడెక్కిస్తాయి. ఆ వేడిలో 85 శాతం, అంతకంటే ఎక్కువ కూడా ఇలా తిరిగి వాడుకోవచ్చు.

అవే వెయ్యి లీటర్లు ప్యాకెట్లుగా ఇళ్ళకి చేరాక, ఫ్రిజ్‌లోంచి తీసి గ్యాసు మీద పొంగిస్తారు. లీటరుకి పన్నెండు గ్రాముల గ్యాసు. వెయ్యి లీటర్లకి పన్నెండు కిలోలు, అంటే దాదాపు ఒక బండ. కూలర్ వాడిన కరెంటుకి థర్మల్ కేంద్రంలో కాలిన బొగ్గుని కూడా కలిపి చూసినా ఇంటి పొయ్యి ఖర్చు రెండు మూడు రెట్లు ఎక్కువే. అప్పటికే పాశ్చరైజ్ అయిన పాలని మళ్ళీ మరిగించడం సాంకేతికంగా అవసరం లేదు. అలవాటు మాత్రం ఊరికే రాలేదు. కరెంటు పోయే ఇంట్లో, ఫ్రిజ్ లేని ఇంట్లో, షాపువాడు రాత్రి ఫ్రిజ్ ఆపేస్తాడేమో అన్న అనుమానం ఉన్నచోట పాలు కాయడం ఒక్కటే భద్రత. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఫ్రిజ్ ఉన్న ఇళ్ళు దేశంలో పదింట నాలుగు కూడా లేవు. గొలుసులో ఒకచోట నమ్మకం లేకపోతే ఇంకోచోట ఇంధనం కాలుతుంది.

## డీజిల్ పెరిగితే టమాటా ఎంత పెరగాలి?

డీజిల్ రేటు పెరిగిన వారమే కూరగాయల రేట్లు పెరిగితే 'లారీ కిరాయి సార్' అనే జవాబు వస్తుంది. మదనపల్లె నుంచి విశాఖకి దాదాపు 800 కిలోమీటర్లు. పది టన్నుల లారీ లీటరుకి నాలుగైదు కిలోమీటర్లు ఇస్తే మొత్తం 180 లీటర్ల చుట్టూ. కిలో టమాటాకి 18 మిల్లీలీటర్లు. తిరుగు ప్రయాణం ఖాళీగా వెళ్ళిందనుకుని రెట్టింపు చేసినా 36. లీటరుకి 5 రూపాయలు పెరిగితే కిలో టమాటా మీద పడవలసినది తొమ్మిది నుంచి పద్దెనిమిది పైసలు. రేటు పది రూపాయలు పెరిగిందంటే కారణం వానలోనో, పంట తగ్గడంలోనో, మార్కెట్‌లోనో వెతకాలి.

ఇంకో ముక్క. నాలుగు కిలోల కూరగాయల కోసం రానూ పోనూ నాలుగు కిలోమీటర్లు స్కూటర్ మీద వెళ్ళొస్తే 80 మిల్లీలీటర్ల పెట్రోలు, కిలోకి 20. మదనపల్లె నుంచి విశాఖ దాకా లారీ తాగినంత, రైతు బజారు నుంచి ఇంటికి స్కూటర్ తాగుతోంది. దూరం కంటే ఒకేసారి ఎంత సరుకు కదిలిందన్నదే ముఖ్యం. అందుకే టన్ను సరుకుకి రైలు ఖర్చు లారీ కంటే చాలా తక్కువ. కానీ రైలుకి సమయం మీద నమ్మకం, దిగాక మళ్ళీ లారీ, ఈ రెండూ అడ్డం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సరుకు రవాణాలో 80 శాతానికి పైగా రైలుది, ఇప్పుడు మూడో వంతు కూడా లేదు. 2020 ఆగస్టులో మొదలైన కిసాన్ రైళ్ళు ఆ ధోరణిని తిప్పలేకపోయాయి.

## వంటగది: తగ్గింది కూడా, పెరిగింది కూడా

కట్టెల పొయ్యిలో కాలిన వేడిలో గిన్నెకి చేరేది పది, పదిహేను శాతం. గ్యాసు స్టవ్ మీద 60 శాతం దాటుతుంది. ఒక ఇల్లు కట్టెల నుంచి గ్యాసుకి మారితే అదే అన్నం, అదే పప్పు నాలుగో వంతు ఇంధనంతో ఉడుకుతాయి. కళ్ళ మంట, పొగ దగ్గు తగ్గడం దీని పక్కన ఇంకా పెద్ద లాభం. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం, దేశమంతటా 2016లో ఉజ్వల ఈ మార్పుని తోశాయి. కుటుంబ ఆరోగ్య సర్వేల్లో శుభ్రమైన వంట ఇంధనం వాడే ఇళ్ళు 2015-16లో 43.8 శాతం, 2019-21లో 58.6 శాతం. అల్లూరి జిల్లా కొండల్లో మాత్రం కనెక్షన్ ఉన్న ఇంట్లో కూడా కట్టెల పొయ్యి ఆరలేదు. అడవిలో పుల్లలు ఊరికే దొరుకుతాయి, బండ మోసుకెళ్ళడం కష్టం.

ఇప్పుడు ఇంకో వైపు. దేశంలో వంటగ్యాస్ వాడకం 2014-15లో సుమారు 1.8 కోట్ల టన్నులు, 2024-25లో 3.1 కోట్ల టన్నులు దాటింది. ఇందులో అరవై శాతం దాకా దిగుమతి. విశాఖలో సముద్రం పక్కన రాతిని తొలిచి కట్టిన 60 వేల టన్నుల గ్యాసు నిల్వ గుహ పెద్దగా అనిపిస్తుంది, దేశానికి అది ఒక్క రోజు వాడకం కూడా కాదు. 2024 నవంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మూడు బండలు ఉచితంగా ఇస్తున్నారు. పేద ఇంట్లో బండ అయిపోగానే మళ్ళీ కట్టెలకి వెళ్ళే అలవాటుని ఇది తగ్గించవచ్చు, దిగుమతి బిల్లుని పెంచుతుంది కూడా.

గ్యాసుకి బదులు ఇండక్షన్ స్టవ్ అంటారు. ఇక్కడ లెక్క జాగ్రత్తగా చూడాలి. స్టవ్ 85 శాతం వేడిని గిన్నెకి ఇస్తుంది నిజమే, కానీ పరవాడ సింహాద్రి లాంటి బొగ్గు కేంద్రంలో బొగ్గు వేడిలో కరెంటుగా మారేది 35 శాతం చుట్టూ. రెండూ కలిస్తే గిన్నెకి చేరేది 30 శాతం, గ్యాసులో సగం. పొదుపు కాదు, దిగుమతి గ్యాసు స్థానంలో దేశీ బొగ్గు వచ్చింది, అంతే. అదే స్టవ్ మధ్యాహ్నం సోలార్ కరెంటు మీద నడిస్తే కథ మారుతుంది, కానీ మన ఇళ్ళలో వంట పొద్దున్న ఏడింటికీ రాత్రి ఎనిమిదింటికీ కదా.

## అమెరికా వెళ్ళిన దారి

అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధన విభాగం 2010లో తమ తిండి గొలుసు లెక్క కట్టింది. దేశం మొత్తం ఇంధనంలో తిండి వాటా 1997లో 12.2 శాతం, 2002లో 14.4, 2007కి అంచనా 15.7. జనం ఎక్కువ తినడం దీనికి ప్రధాన కారణం కాదని తేలింది. ఇంట్లోనూ ఫ్యాక్టరీలోనూ మనిషి చేతితో చేసే పనిని యంత్రానికి అప్పగించడం పెద్ద కారణం. అన్ని దశల్లోకీ ఎక్కువ ఖర్చు ఇంటి వంటగదిదే.

మన దగ్గర దీనికి దగ్గరగా కనిపించేది దోసెల పిండి ప్యాకెట్. ఇంట్లో గ్రైండరు అరగంట తిరిగితే యూనిట్‌లో పదో వంతు. ప్యాకెట్ అయితే ఆ రుబ్బుడు ఎలాగూ ఉంది, దానికి తోడు తయారీ దగ్గర చల్లటి గది, వ్యాను, ఎంవీపీ కాలనీ షాపులో ఇరవై నాలుగు గంటలూ లైటు వేసుకుని నిలబడే గాజు ఫ్రిజ్. ఆదా అయినది ఇంట్లో ఎవరో ఒకరి గంట సమయం. ఆ గంట ఎవరిదో, దానికి విలువ ఎంతో అనేది ఇంధనం పట్టిక చెప్పలేదు, కాబట్టి ప్యాకెట్‌ని దుబారా అనేయడం తొందరపాటు. 2022-23 గృహ వినియోగ సర్వేలో తిండి ఖర్చులో పానీయాలు, తయారుచేసిన ఆహారం వాటా అన్నిటికంటే ఎక్కువ: పట్టణాల్లో మొత్తం ఖర్చులో 10.6 శాతం, పల్లెల్లో 9.6. ఊరికీ పట్నానికీ తేడా ఒక్క శాతమే అన్నది గమనించదగ్గది.

## ఇక ముందు

పొలం దాటాక ఇంధనం పెరిగేకొద్దీ గొలుసు కరెంటు మీద ఆధారపడటం పెరుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక విశాఖకి రోజుల తరబడి కరెంటు లేదు, పాలకీ కూరగాయలకీ కటకట. అప్పటికంటే ఇప్పుడు నగరంలో చల్లటి గదులు, ఫ్రీజర్లు, పది నిమిషాల డెలివరీ గోడౌన్లు ఎన్నో రెట్లు ఎక్కువ. ప్రతి దాని వెనుకా డీజిల్ జనరేటర్ ఉంటుంది, ఆ డీజిల్‌కి కూడా ఏ పట్టికలోనూ తిండి అనే పేరు ఉండదు.

రెండో మార్పు రేట్లలో వస్తోంది. 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎండ ఉన్న గంటల్లో కరెంటు చౌకగా, సాయంత్రం రద్దీ వేళ ఖరీదుగా ఉండాలి. పెద్ద వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకి 2024 ఏప్రిల్ నుంచి, వ్యవసాయం తప్ప మిగతా వాళ్ళకి స్మార్ట్ మీటరు వచ్చినకొద్దీ. దీనివల్ల అందరికీ ఒకేలా లాభం రాదు. ఐసు ఫ్యాక్టరీ మధ్యాహ్నం దిమ్మలు పోసి రాత్రికి కంప్రెసర్ తగ్గించుకోగలదు. కోల్డ్ స్టోరేజీ పగలు రెండు డిగ్రీలు ఎక్కువ చల్లబరిచి సాయంత్రం కాసేపు ఆగగలదు. గాజు ఫ్రిజ్ పెట్టుకున్న చిన్న షాపుకి ఆ వెసులుబాటు లేదు. రొయ్యల చెరువుకి అసలే లేదు, దానికి కరెంటు కావలసినది తెల్లవారుజామున మూడింటికి.